వెనకద్దం మీద ఉసుళ్లు

బరువైనవి అడుగున, తేలికైనవి పైన, చేతికి ముందు కావలసినవి పక్క జేబుల్లో. పిచ్చుకకి సంచి సర్దడం నేర్పింది పెద్దమ్మే. ఇప్పుడు అదే సంచిని అదే మంచం మీద పెట్టుకుని, ఆ పిల్ల వెళ్లిన దారినే వెళ్లడానికి పెద్దమ్మ సర్దుకుంటోంది.

పోలీసులు సంచి తిరిగిచ్చి వారం దాటింది. అప్పటినుంచి దాన్నెవరూ ముట్టుకోలేదు. పిచ్చుక తల్లి దాన్ని గది మూల పెట్టి, పక్కనుంచి వెళ్లాల్సి వస్తే గోడకి ఒరుసుకుంటూ నడిచేది, పడుకున్న మనిషిని లేపకూడదన్నట్టు.

"నువ్వూ ఒక్కదానివే వెళ్తావా అక్కా?" అంది ఆవిడ గుమ్మంలోంచే.

"ఒక్కదాన్నే వెళ్తేనే అది చూసింది నాకూ కనిపిస్తుంది."

"అరవై దాటాయి నీకు. కళ్లకి ఆపరేషనయింది."

"అయింది కాబట్టే బాగా కనిపిస్తోంది. నువ్వా తలుపు వదిలి ఇలా వచ్చి కూర్చో."

ఆవిడ రాలేదు. పెద్దమ్మ బలవంతపెట్టలేదు. నేరపరిశోధన శాఖలో తలనెరిసేదాకా పనిచేసిన మనిషి పెద్దమ్మ. శాఖలో వెనకాల గద్దమ్మ అనేవాళ్లు, ఎదురుగా మేడం అనేవాళ్లు. ఎన్నో ఇళ్లలో ఇలాంటి గుమ్మాలు చూసింది, ఇలా నిలబడ్డ తల్లుల్ని చూసింది. వాళ్లెవరూ సొంత చెల్లెళ్లు కారు. అంతే తేడా.

పిచ్చుక కళ్లజోళ్ల దుకాణంలో పనిచేసేది. ఏడాదంతా సెలవులు దాచుకుని, ఏడాదికోసారి తాతగారి పాత కారులో ఒక్కతే ఏదో దూరం దారి పట్టి పోయేది. ఈసారి సముద్రాన్ని ఆనుకున్న అడవి దారి, ఈ కొసనుంచి ఆ కొసకి. రోజూ సాయంత్రం ఫోను చేసేది. చివరి ఫోను ఒక సోమవారం, అడవి మొదట్లో ఉన్న లాడ్జినుంచి. "మొదటి వాన పెద్దమ్మా! తగ్గగానే బయల్దేరతా. వెళ్లొస్తా, ఉంటా." మర్నాడు పొద్దున కారు కొండ అంచున దొరికింది. మనిషి దొరకలేదు. సముద్రం చూడ్డానికి దిగి తడిరాయి మీద జారిపడిందని పోలీసులు కేసు మూసేశారు. కారు ఇవాళ సాయంత్రం ఐదింటికి తుక్కు లారీ ఎక్కుతుంది. అది నుజ్జయితే, పిచ్చుక జారిపడిందన్న మాట ఒక్కటే లోకంలో మిగులుతుంది.

పెద్దమ్మ సంచిలోవి ఒక్కొక్కటే తీసి మంచం మీద పెట్టింది. బట్టలు, టార్చి, నీళ్ల సీసా. ఒక ఊలు మేజోడు చేతికి గట్టిగా తగిలింది. లోపల చూస్తే చలువ కళ్లజోడు.

ఆమె చేయి ఆగిపోయింది.

కళ్లజోడుని పెట్టెలో పెట్టకపోతే పరాయివాళ్లతో కూడా పోట్లాడే పిల్ల, తన జోడుని మేజోడులో కుక్కుతుందా? మరి పెట్టెలో ఏం పెట్టింది? పక్క జేబులోంచి పెట్టె తీసి మూత తెరిచింది. మూడు మేకుల్ని మధ్యలో కలిపి వెల్డింగ్ చేసిన ముక్క ఒకటి మెత్తటి గుడ్డలో పడుకుని ఉంది. తీసి మంచం మీద వేసింది. ఒక మొన పైకి నిలబడింది. మళ్లీ వేసింది. మళ్లీ ఒక మొన పైకే. ఎటు పడినా కుట్టడానికే చేసిన వస్తువు.

"ఏంటక్కా అది?"

"ఏం లేదు, ఇనుప ముక్క." పెట్టె మూసి జేబులో పెట్టింది. తర్వాత తన సామాను సర్దింది: భూతద్దం, చిమటా, చేతి తొడుగులు, తాడు కట్టిన పెద్ద అయస్కాంతం.

చెల్లెలు అప్పుడు లోపలికి వచ్చింది. "పిల్ల దొరకదని నాకు తెలుసు. కానీ దీని వెనక ఎవడన్నా ఉంటే... వాడు వేళకి తిని, వేళకి నిద్రపోతున్నాడన్న ఊహ ఉంది చూడు, అది నన్ను కాల్చేస్తోందక్కా."

"ఉంటే, వాణ్ణి ఆ దారిలోనే వదిలేసి వస్తా."

"మాటంటే మాటేనా?"

"నేనెప్పుడన్నా తప్పానా? తలుపు వేసుకో. వెళ్లొస్తా."

*

లాడ్జి యజమానురాలు మాటల పుట్ట. ప్రశ్న ఒకటి వేస్తే జవాబులు నాలుగు చెప్పింది.

"ఎందుకు గుర్తులేదమ్మా! నా కళ్లజోడు కాడ వదులైపోతే తనే బిగించి ఇచ్చింది. పైసా పుచ్చుకోలేదు. వాన తగ్గగానే బయల్దేరింది. ఐదింటికి పావుగంట ముందు. పైన గదుల్లో దుప్పట్లు మారుస్తూ చూశాను."

"దీపాలు పెట్టే వేళకి మీరేం చేస్తున్నారు?"

"ఇంకేం చేస్తాను, ఉసుళ్లతో యుద్ధం! మొదటి వాన కదా, భూమిలోంచి పొగలా లేచాయి. ఒక్క దీపం వెలిగిస్తే చాలు, గోడ కనబడలేదనుకోండి. విసుగొచ్చి అన్నీ ఆర్పేసి చీకట్లో కూర్చున్నాం. మర్నాడు చూస్తే అన్నీ రెక్కలే, చీపురుకి కూడా అంటుకుపోయాయి. ఆ ఒక్క సాయంత్రమే. మళ్లీ లేవలేదు."

"ఇక్కణ్ణించి పెద్ద మలుపు ఎంతసేపు?"

"ఇరవై నిమిషాలు. అక్కడ జాగ్రత్తమ్మా, టైర్లు తెగ పేలతాయి. రాళ్లో ముళ్లో తెలీదు. ఫోను కూడా అందదు. అదృష్టం కొద్దీ మన మెకానిక్ షెడ్డు ఆ పక్కనే. పేలిన మోత వింటే చాలు, పిలవకుండానే టోయింగ్ బండి వేసుకుని వచ్చేస్తాడు. దేవుడిలా."

"దేవుడిలా," అంది పెద్దమ్మ. "ఈ మాట పోలీసులతో ఎవరన్నా చెప్పారా?"

"టైర్ల సంగతా? నా దగ్గర దిగినవాళ్లే ఇద్దరు ముగ్గురు చెప్పి వచ్చారు. ఇనస్పెక్టరు గారు నవ్వారట, అడవి దారిలో టైరు పేలక విమానం పేలుతుందా అని."

పెద్దమ్మ లేచింది. కళ్లజోడు పెట్టె ఉన్న జేబుని పైనుంచే ఒకసారి తడిమి చూసుకుంది.

మలుపు దగ్గర కారు ఆపి, అయస్కాంతాన్ని తాడుతో రాలిన ఆకుల మీద ఈడ్చింది. రెండు మూడుసార్లు ఉత్తినే వచ్చింది. రోడ్డు వారన ఈడ్చేసరికి టక్కున ఒకటి పట్టింది. ఇంకొంచెం ముందు రెండు. మొత్తం ఓ గుప్పెడు ఏరి సంచి పక్క జేబులో వేసుకుంది. అన్నీ ఒక చేతి పనే. వెల్డింగ్ అతుకులు ముత్యాల్లా ఉన్నాయి. మేకుల్ని కూడా ఇంత శ్రద్ధగా చేసేవాడు ఎలాంటి పనివాడో పెద్దమ్మకి అర్థమైంది. రోడ్డు పక్క గుంటలో, ఒక చెట్టు మొదలుకి గంధం రంగు గీత ఉంది. తాతగారి కారు రంగు.

మలుపులోంచి పాత కలపదారి ఒకటి విడిపోతుంది. ఒకప్పుడు కలప లారీలు తిరిగిన దారి. సముద్రపు కొండ అంచు వెంట పోయి మెకానిక్ షెడ్డు వెనక గేటుకి చేరుతుంది. పిచ్చుక కారు దొరికింది ఆ దారి మధ్యలోనే. పెద్దమ్మ తన కారుని అటు తిప్పింది.

కారు దొరికిన చోట దిగి, రాయి మీద నిలబడి సముద్రాన్ని చూసింది. చాలా కింద ఉంది. ఏడవలేదు. మళ్లీ కారెక్కి, దారి అంచుకి ఆనుకుని వంపు తిరిగే చోట దాటాక ఇంకోసారి ఆగింది. అక్కడ దిగి, వెనక్కి నడిచి, కొంతసేపు వంగి లేస్తూ ఉండి, నడుం పట్టుకుని తిరిగి వచ్చింది.

*

"మేడం! వెనకనుంచి వస్తున్నారేంటి? నేను ముందు గేటు దగ్గర ఎదురుచూస్తుంటే!"

ఇనస్పెక్టరు ఒకప్పుడు పెద్దమ్మ దగ్గర శిక్షణ పొందినవాడు. అప్పుడు సన్నగా, భయంగా ఉండేవాడు. ఇప్పుడు రెండూ లేవు. అతని జీపు ముందు గేటుకి అడ్డంగా నిలబడి ఉంది.

"ముందునుంచి వస్తే అందరికీ కనిపించేదే కనిపిస్తుందబ్బాయ్."

షెడ్డులోంచి మెకానిక్ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. నలభై ఏళ్ల మనిషి, ఉతికిన చొక్కా. వెనక గోడ మీద పానాలన్నీ చిన్నదానినుంచి పెద్దదానికి వరసగా వేలాడుతున్నాయి. వాడి చేయి పడితే చచ్చిన బండి లేచి కూర్చుంటుందని ఆ దారిపొడవునా చెప్పుకుంటారు.

"ఆ దారి మంచిది కాదమ్మా. ఒక పక్కంతా సముద్రమే. ఇప్పుడెవరూ రారు."

"నువ్వూ వెళ్లవా?"

"నాకేం పని?" అని నవ్వి, వాడు షెడ్డులోకి వెళ్లిపోయాడు. గ్రైండర్ రొద మొదలైంది.

పోలీసులు మెకానిక్ దగ్గరే ఉంచిన గంధం రంగు కారు రేకుల కప్పు కింద ఉంది. పెద్దమ్మ దాని చుట్టూ ఒకసారి తిరిగింది. తళతళలాడుతోంది.

"కడిగించావా?"

"మెకానిక్కే కడిగాడు. మంచివాడు. పోయిన పిల్ల కారు దుమ్ము పట్టి ఉంటే బావుండదన్నాడు." ఇనస్పెక్టరు వాచీ చూసుకున్నాడు. "మేడం, మీ బాధ నాకర్థమవుతుంది. కానీ తుక్కు లారీ ఐదింటికి వస్తుంది. చూసుకుని బాధ దించుకోండి, అంతే. ఇందులో ఏమీ లేదు."

"ఏమీ లేదని ఎలా తేల్చావో చెప్పు. పాఠం అప్పజెప్పు, పూర్వంలా."

అతని మొహం కొంచెం ఎర్రబడింది. అయినా చెప్పాడు. "ఐదు దాటగానే మలుపు దగ్గరికొచ్చింది. సముద్రం చూడాలని కలపదారి ఎక్కింది. అంచున ఆపి, హ్యాండ్ బ్రేకు వేసి, తాళం వేసి, చెప్పులు రాయి మీద విడిచి నిలబడింది. వాన తడి. జారింది. కారుకి సొట్ట లేదు, నాలుగు టైర్లూ బావున్నాయి. మీరు నేర్పిందే మేడం, కనిపించేది నమ్మమని."

"కనిపించేది చూడమన్నాను. నమ్మమనలేదు." డిక్కీ తెరిచింది. "స్టెప్నీ ఏది?"

"కారుకే ఉంది. ఎడమ ముందు చక్రం. దారిలో ఎక్కడో పంక్చరైతే మార్చుకుని ఉంటుంది."

"దేనితో?"

"జాకీతో!"

పెద్దమ్మ డిక్కీ మూలనుంచి దుప్పటి ముక్కలో చుట్టిన మూట తీసింది. మూట మీద మూడు పేటల ముడి. "గడగడలాడకుండా దీన్ని చుట్టి కట్టింది నేను, బయల్దేరిన రోజు. ఇది నా ముడి. నా తర్వాత దీన్నెవరూ విప్పలేదు. జాకీ ఇందులో ఉంటే కారునెవరెత్తారు? నీ కనిపించేది ఎత్తిందా?"

ఇనస్పెక్టరు మూటని చూశాడు కానీ ముట్టుకోలేదు. "దారిలో ఎవరో సాయం చేసి ఉంటారు."

"మరి పేలిన టైరు ఏది? ఆ సాయం చేసినవాడు ఇంటికి పట్టుకెళ్లాడా, ఉయ్యాల కట్టుకోవడానికి?"

ఆమె చేతి తొడుగులు వేసుకుంది. ముందు లైట్ల చుట్టూ ఉన్న రింగుల సందుల్ని భూతద్దంతో చూసింది. తర్వాత ముందద్దం రబ్బరు బీడింగ్. తర్వాత వెనక్కి వెళ్లి వెనకద్దం బీడింగ్ని వేలితో కొద్దిగా ఎత్తింది. లోపల ఎండిన రెక్కలు, ఉల్లిపొరలకన్నా పల్చటివి, ఒకదానిమీద ఒకటి ఇరుక్కుని ఉన్నాయి. చిమటాతో లాగితే కుచ్చులా వచ్చాయి.

"ఇవేంటో చెప్పు."

"రెక్కలు. ఉసుళ్లవి. అడవి కదా మేడం."

"అడవే. ఉసుళ్లు దేనికొస్తాయి?"

"దీపానికి."

"ఈ కారు దీపాలు ముందున్నాయి. అక్కడ ఒక్క రెక్క లేదు. నీ లెక్కన ఐదున్నరకే కారాపి, దీపాలార్పి దిగింది. ఉసుళ్లు లేచింది దీపాలు పెట్టే వేళకి, ఆ ఒక్క సాయంత్రమే. చీకట్లో ఊరికే నిలబడ్డ కారు వెనకద్దానికి ఇన్ని ఎందుకు మూగాయి? కడిగినవాడు పైవి కడిగాడు. సందులోవి మిగిలాయి."

ఇనస్పెక్టరు చూపు షెడ్డు ముందున్న టోయింగ్ బండి మీదికి దానంతటదే పోయింది. దాని వెనక, కొక్కెం పైన, పెద్ద దీపం ఉంది. రాత్రిపూట లాగే కారు మీద వెలుగు పడేలా బిగించిన దీపం.

"కారు ఆ దీపానికి ఎదురుగా ఉంది," అంది పెద్దమ్మ. "వెనకవైపు పైకెత్తి ఉంది. వెలుగు వెనకద్దం మీద పడింది. ఉసుళ్లు అక్కడ మూగాయి."

"మేము లాగించాంగా!" ఒడ్డు దొరికినవాడిలా అన్నాడు ఇనస్పెక్టరు. "కొండ మీదనుంచి ఇక్కడికి మేమే తెచ్చాం. అప్పుడు పట్టుంటాయి."

"ఎలా తెచ్చావు?"

అతను టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"నీ రిపోర్టు చదివాను. తోసి లారీ మీదికి ఎక్కించావు. మిట్టమధ్యాహ్నం. ఉసుళ్లు నీ కోసం పగలు దివిటీలు పట్టుకొచ్చాయా?"

"మేడం, మీరు బాధలో ఉన్నారు. బాధలో ఉన్నవాళ్లకి రెక్కల్లో కూడా హంతకులు కనిపిస్తారు. పురుగు రెక్కలు పట్టుకుని కేసు తిరగదోడితే పైవాళ్లు నన్ను చూసి నవ్వుతారు."

"నవ్వనీ. నువ్వు నవ్వలేదూ, టైర్లు పేలుతున్నాయని చెప్పినవాళ్లని చూసి?" ఆమె కళ్లజోడు పెట్టె తీసి, మేకు ముక్కని కారు బానెట్ మీద వేసింది. మొన పైకి నిలబడింది. "ఇది పిల్ల సంచిలో ఉంది. 'కళ్లజోడు పెట్టె ఒకటి' అని రాశావు. తెరిచావా? టైరు పేలింది, కారు గుంటలోకి జారింది. పిల్ల దిగి, దీన్ని ఏరి, జోడుని మేజోడులో పెట్టి పెట్టెలో దాచింది. నీకోసం దాచిందిరా అబ్బాయ్. పోలీసులకివ్వాలని. ఇలాంటివి ఇందాక మలుపులో గుప్పెడు ఏరాను."

ఇనస్పెక్టరు ఆ ముక్కని చాలాసేపు చూశాడు. "ఎవరో లాగారు," అన్నాడు చివరికి, గొంతు తగ్గించి. "ఒప్పుకుంటా. కానీ వీడేనని ఏంటి? టోయింగ్ బండి పట్నంలో కూడా ఉంది. వీడు ఆ రోజు వానని తొందరగా షెడ్డు మూసి ఇంటికెళ్లానన్నాడు."

"అయితే విను. ఏమీ మాట్లాడకు."

పెద్దమ్మ మోకాళ్ల మీద వంగి, కారు వెనక భాగం కిందికి టార్చి వేసి చూసింది. చేయి చాపి ఇరుసు దగ్గరనుంచి ఏదో సన్నటి పోగు లాగి, కాగితంలో మడిచి జేబులో వేసుకుంది. లేచి, గ్రైండర్ రొద మీదుగా వినపడేలా గొంతు పెంచింది.

"రాసుకో అబ్బాయ్! లాగినవాడెవడో ఒట్టి పనికిమాలినవాడు. పాత కారు, ఇంజను బలమంతా వెనక చక్రాలకే. అది తెలీక ముందునుంచి ఎత్తి, వెనక చక్రాలు దొర్లించుకుంటూ లాక్కుపోయాడు. గేర్ బాక్స్ కాలిపోయింది!"

గ్రైండర్ ఆగింది.

"గేర్ బాక్స్‌కేం కాలేదమ్మా," అన్నాడు మెకానిక్ లోపల్నుంచే.

"ఎందుకు కాలేదు? మాడు వాసన నాకే తెలుస్తోంది."

వాడు బయటికొచ్చాడు. "అది రబ్బరు వాసన. కొత్తగా బుష్షులు కోస్తున్నా. కాలితే నాకు తెలీదా?"

"నీకేం తెలుసు? నిన్ననలేదులే నాయనా. ఇది ఎవరో గొడ్లు తోలుకునేవాడి పని. మా నాన్నగారు ముప్పై ఏళ్లు గీత పడకుండా చూసుకున్న బండి. స్టీరింగ్ వదిలేసి కుదేశాడు..."

"స్టీరింగ్ కట్టకుండా ఎవడు లాగుతాడమ్మా?"

"...ఆ పైన ఇరుసుకి ఒట్టి గొలుసు బిగించి, చెక్కేసినట్టు ఒరిపించాడు దరిద్రుడు. చేతులు విరగ్గొట్టాలి వాడికి."

"ఒట్టి గొలుసు కాదు! గోనెగుడ్డ చుట్టి మరీ వేస్తే..."

వాడు ఆగాడు. షెడ్డులో ఎక్కడో కుళాయి బొట్టుబొట్టుగా పడుతున్న చప్పుడు అప్పుడు వినిపించింది.

గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నాడు. కానీ ఆ మాట పెద్దమ్మ అనలేదు. ఇనస్పెక్టరు వైపు చూసింది. ఇంతకాలానికి ఆ పాత శిష్యుడి మొహం మళ్లీ సన్నబడినట్టు కనిపించింది.

"గోనెగుడ్డ ఎప్పుడు చుట్టావు?" అన్నాడు ఇనస్పెక్టరు.

"అదే సార్... లారీ ఎక్కించినప్పుడు..."

"ఎక్కించినప్పుడు నేనున్నాను. తోశాం. గొలుసే వెయ్యలేదు."

పెద్దమ్మ కాగితం విప్పి చూపించింది. గోధుమరంగు గోనె పోగు.

మెకానిక్ చేతిలో గుడ్డ ఉంది. దాంతో చేతులు తుడుచుకున్నాడు. అప్పటికే శుభ్రంగా ఉన్న చేతులే. మళ్లీ తుడుచుకున్నాడు. "చంపాలనుకోలేదమ్మా," అన్నాడు. "టైరు పేలితే కారు గుంటలోకి దిగింది. నేనెళ్లాను. 'తాతగారి కారండీ, వెనకనుంచే ఎత్తండి, మెల్లగా' అంది. అలాగే ఎత్తాను. గీత పడనివ్వలేదు. ఎత్తే ముందు గోనెగుడ్డ కోసం నేను పనిముట్ల పెట్టె తెరిస్తే, లోపల మేకులున్నాయి. చూసింది. ఊరుకోవచ్చుగా! ఊరుకోలేదు. ఎంతమందికి ఇలా చేశావంది, పోలీసు దగ్గరికే పోతానంది. చేతిలో పానా ఉంది..."

"పిల్ల పడ్డాక కూడా," అంది పెద్దమ్మ. ఆమె గొంతులో తడి లేదు. "అది కింద పడి ఉండగా, ఇరుసుకి గుడ్డ చుట్టావు."

"మాటిచ్చాను కదమ్మా, గీత పడదని."

అందులో వెటకారం లేదు. వాడు నిజంగానే అన్నాడు. కారుకిచ్చిన మాట నిలబెట్టుకున్నవాడు! వెళ్లొస్తానని చెప్పిన పిల్ల మాటని తీసుకెళ్లి సముద్రంలో పడేసినవాడు!

"ఇక్కడే నిలబడు," అంది. "కదలకు. ఇప్పుడన్నది మళ్లీ చెప్పు, ఆయన రాసుకుంటాడు. ఏళ్ల తరబడి జైల్లో ఉంటావు. కానీ ఉంటావు. నా మాట విను, నిలబడు."

మెకానిక్ కళ్లు ముందు గేటు వైపు వెళ్లాయి. జీపు అడ్డంగా ఉంది. వెనక గేటు వైపు వెళ్లాయి. బార్లా తెరిచి ఉంది.

"నిలబడు," అంది ఆమె మళ్లీ. ఈసారి గట్టిగా కాదు.

వాడు గుడ్డ పారేసి పరిగెత్తాడు. ఇనస్పెక్టరు అందుకోబోయి, కారు అంచు తగిలి మోకాలి మీద పడ్డాడు. టోయింగ్ బండి గర్జించింది. వెనక గేటు రెక్కని రాసుకుంటూ కలపదారిలోకి దూసుకుపోయింది. కొక్కెం గొలుసు ఊగుతూ కాసేపు చెట్ల మధ్య మెరిసింది.

"రండి మేడం!" ఇనస్పెక్టరు కుంటుతూ జీపు వైపు పరిగెత్తాడు. "వెనకే పోతే అంచు దగ్గర అందుకుంటాం!"

"ఆ దారిన వెళ్లకు."

"వాడు పోతున్నాడు!"

"పోనీ. రోడ్డు మీదుగా మలుపు దగ్గరికెళ్లి నిలబడు. కలపదారి అక్కడే రోడ్డెక్కుతుంది. వస్తే నీకే దొరుకుతాడు."

"వస్తే అంటారేంటి?" జీపు తలుపు మీద చేయి వేసినవాడు ఆగిపోయాడు. అతని చూపు బానెట్ మీద ఒంటరిగా నిలబడ్డ మేకు ముక్క మీదికి వెళ్లింది. తర్వాత పెద్దమ్మ భుజాన వేలాడుతున్న సంచి మీదికి. పక్క జేబు అణిగిపోయి ఉంది. "గుప్పెడు ఏరానన్నారు. మిగతావేవి?"

పెద్దమ్మ ఆ ఒక్క ముక్కనీ తీసి కళ్లజోడు పెట్టెలో పెట్టి మూత వేసింది.

"వాడివేగా. అంచు దగ్గర వంపులో, వాడి దారిలోనే పెట్టి వచ్చాను."

"మేడం..." అతను జీపు తలుపు వదిలేశాడు. "మీరు... నేనిప్పుడు మిమ్మల్ని..."

"నీ పని నువ్వు చెయ్యి. అరెస్టు చేస్తానంటే సంచి సర్దే ఉంది. ఆ దారిలో వాడు తప్ప ఎవరూ తిరగరని నీకూ తెలుసు, నాకూ తెలుసు. నిలబడితే బతికేవాడు. నిలబడమని రెండుసార్లు చెప్పాను. నువ్వు విన్నావు. అది కూడా రాసుకో."

చెట్ల అవతలినుంచి ఒక మోత వినిపించింది, టైరు పేలినట్టు. వెంటనే ఇంకోటి. ఆ తర్వాత ఇంజను రొద ఒక్కసారిగా పైకి లేచింది, చక్రాల కింద నేల లేనప్పుడు లేచినట్టు. తర్వాత సముద్రం ఒక్కటే.

ముందు గేటు అవతల తుక్కు లారీ వచ్చి హారన్ కొట్టింది. ఇనస్పెక్టరు వెళ్లి, ఇవాళ కారు ఇవ్వబోమని చెప్పి దాన్ని పంపేశాడు. తిరిగొచ్చి పెద్దమ్మ పక్కన నిలబడ్డాడు. పెద్దమ్మ సంచి మూతి బిగించి, తన ముడి వేసింది.

అడవి దారిలో ఒక్కతే వెళ్లిన పిచ్చుక, మొదటి వాన పడిన సోమవారం సాయంత్రం నుంచి, తిరిగి రాలేదు. మెకానిక్, అది జరిగిన మూడు వారాలకి, శనివారం ఐదు కాకముందు వెళ్లినవాడు, తిరిగి రాలేదు.